గోళ్లు ఊడిపోయిన నెల

మా అనంతపురంలో అతికించిన గోళ్లు పెట్టుకునే ఆడవాళ్లు దొరుకుతారని మొదట నమ్మింది నేనొక్కదాన్నే. అమ్మ నమ్మలేదు. నాకు పని ఇచ్చిన పార్లర్ అక్క సగమే నమ్మింది. బెంగళూరులో నెల రోజులు గోళ్ల కోర్సు చేసి, ఒక సర్టిఫికెట్టూ ఒక పెట్టెడు సామానూ పట్టుకుని మా ఊరు రాప్తాడులో బస్సు దిగిన రోజున నాయన ఆ సర్టిఫికెట్టును రెండు వైపులా తిప్పి చూశాడు.

"గోళ్లు కత్తిరించేదానికి కాగితం గూడా ఇస్తారా?" అన్నాడు.

కత్తిరించేదానికి కాదు నాయనా, అతికించేదానికి అన్నాను. "అతికించేది ఏంటికి? వాటంతట అవే పెరుగుతాయి గదా," అన్నాడు.

పార్లర్ బస్టాండుకు దగ్గర్లో, ఒక మందుల షాపు మేడ మీద ఉంది. అక్క చాలా ఏళ్లుగా దారంతో కనుబొమ్మలు తీస్తోంది. కిటికీ పక్కన ఇంకో ఫేషియల్ మంచం వేద్దామని దాచుకున్న జాగాలో ఆమె నా బల్ల పెట్టనిచ్చింది. పెట్టనిస్తూనే షరతు కూడా పెట్టింది.

"జేష్ఠం పెండ్లిండ్లు అయ్యేదాకా చూస్తా. అంతలోపల ఊడిపోయినాయని జనాలు తిరిగొచ్చినారనుకో, బల్ల తీసేసి మంచం ఏస్తా. నువ్వు దారం పట్టుకో."

దారమంటే నాకు చచ్చేంత భయం. నేర్చుకునే రోజుల్లో మా చిన్నాన్న కూతురి కనుబొమ్మ ఒకటి సగం లేపేశాను. పెళ్లిచూపులకు తీసిన ఫోటోలో ఆ పిల్ల ఒక కంటితో మాత్రమే ఆశ్చర్యపోతూ ఉంటుంది. అందుకే ఆ బల్ల పోకూడదు. రెండడుగుల బల్ల, రెండు కుర్చీలు, గోళ్ల మీద పూత గట్టిపడటానికి పెట్టే చిన్న ల్యాంపు. నా బతుకులో నాది అని చెప్పుకోదగ్గవి అప్పటికి అవే.

మొదటి వారమే నాకు అర్థమైంది ఏమిటంటే, కోర్సులో నేర్పింది గోళ్ల గురించి మాత్రమే, గోళ్లు ఉన్న మనుషుల గురించి కాదు. ఒక బడి పెద్ద టీచరు వచ్చింది. ల్యాంపులో చెయ్యి పెట్టగానే ఒక క్షణం వేడి తగులుతుంది, భయపడకండి అని ముందే చెప్పాను. ఆమె తల ఊపింది. వేడి తగిలింది. "కాల్తాండాదమ్మే! నీకేమన్నా బుద్ధుండాదా?" అని చెయ్యి లాగి, ఆరని పూతంతా నా చుడీదార్‌కు తుడిచేసింది. ఆ తర్వాత నేను వేడి మాటే ఎత్తకుండా ఎక్కాల పుస్తకం చదివినంత గట్టిగా పది అంకెలు లెక్కపెట్టించి చెయ్యి తీయించేదాన్ని. ఆడవాళ్లు అంకెలు చెబుతూ వేడి మరచిపోయేవారు.

రెండో ఆమె మూడు రోజులకే తిరిగొచ్చింది. గోళ్లు బాగానే ఉన్నాయి. బాధ వేరే.

"సంగటి ముద్ద గోళ్లల్లో ఇరుక్కుంటాండాది. ఎట్ల తినాల నేను?"

చెంచాతో తినండక్కా అన్నాను. "సంగటి చెంచాతోనా?" అని ఆమె అడిగిన తీరుకు, వాళ్ల అమ్మను ఏదో తిట్టినట్టు నేనే తల దించుకున్నాను. గోళ్లు సగానికి కత్తిరించి పంపించాను. ఇంకొకామెకు కొనలు తెల్లగా వేశాను, ముత్యాల్లా ఉన్నాయని మురిసిపోతూ వెళ్లింది. నాలుగు పూటలు పప్పన్నం కలిపేసరికి పదికి పది పసుపు కొమ్ములు అయ్యాయి. ఆ రోజుతో నా పెట్టెలో తెల్లరంగు సీసా అట్టడుక్కి పోయింది.

ఇవన్నీ నవ్వుకునే కష్టాలు. అసలు కష్టం రెండో వారంలో మొదలైంది. గోళ్లు ఊడటం మొదలుపెట్టాయి.

మొదట ఒకామెకు చిటికెన వేలుది లేచింది. తర్వాత ఇంకొకామెకు మూడు. తర్వాత కాలేజీ పిల్ల ఒకతె తన గోరు చట్నీలో దొరికిందనీ, వాళ్ల అన్న దాన్ని జీడిపప్పు అనుకున్నాడనీ చెప్పింది. అక్క వైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఆమె ఒకరోజు టేపు తెచ్చి నా బల్ల ఉన్న జాగాను కొలిచింది, అంతే.

నేను బాగా ఆలోచించి, తప్పు ఎవరిదో కనిపెట్టాను. జనాలది.

అప్పుడు విత్తనాల కాలం. వానలు పడతాయో లేదో దేవుడికే తెలియదు గానీ, మా వైపు వైశాఖం వచ్చిందంటే ప్రతి ఇంట్లో విత్తనానికి శనక్కాయలు ఒలుస్తారు. మిషనుకు వేస్తే గింజ పగులుతుందని చేత్తోనే ఒలుస్తారు. బొటనవేలి గోరుతో కాయ మూతి నొక్కితే టప్పున విచ్చుకుంటుంది. రైతుల ఇళ్లలోనే కాదు, టౌన్లో ఉద్యోగాలు చేసేవాళ్ల ఇళ్లకు కూడా ఊరి నుంచి మూట వస్తుంది. అలాంటి ఊళ్లో గోళ్లు ఊడక ఏమవుతాయి? ఎవరు తిరిగొచ్చినా నా మొదటి మాట ఒకటే అయింది: "కాయలు ఒలిచినారా అక్కా?" దాదాపు అందరూ ఒలిచే ఉంటారు. తప్పు చేసినట్టు నవ్వేవారు. నా బల్లకు ఆ నవ్వు చాలు.

అలాంటి రోజుల్లో ఆమె వచ్చింది. రాప్తాడు అవతల ఒక పల్లె, ఐదెకరాల మెట్ట. మా అమ్మ ఈడుది. చెప్పులు మెట్ల కిందే వదిలి, వట్టి కాళ్లతో మేడ ఎక్కి, తలుపు దగ్గర నిలబడింది.

"నాకూ పెడ్తావా పాపా?"

రండక్కా అని కుర్చీ లాగాను. వాళ్ల రెండో కొడుకు పెళ్లి నెల రోజుల్లో ఉంది. ముందు ఒకసారి పెట్టించుకుని, నిలుస్తాయో లేదో చూసి, పెళ్లికి మళ్లీ వస్తానంది. ఎందుకు కావాలని నేను అడగలేదు. తనే చెప్పింది.

"పెద్దోని పెండ్లి ఫోటోల్లో అక్షింతలు ఏసేకాడ నా చేతులు పడినాయి. మట్టిలోంచి పెరికినట్టుండాయి. ఆ ఫోటో ఇంటికొచ్చినోళ్లకి సూపియ్యను నేను. ఈ తూరి బాగుండాల."

ఆమె చేతులు నా చేతుల్లోకి తీసుకున్నప్పుడు నాకు అమ్మ గుర్తొచ్చింది. లేత గులాబీ రంగు, చిన్న గోళ్లు వేశాను. ఆమె పది వేళ్లూ విప్పి గాలిలో పట్టుకుని, మెట్లు కూడా గోడ పట్టుకోకుండా దిగింది. కింద చెప్పులు వేళ్లతో సర్దుకోకుండా కాలితోనే తొడుక్కుంది. నేను కిటికీలోంచి చూసి నవ్వుకున్నాను.

నాలుగు రోజులకు తిరిగొచ్చింది. ఆదివారం, పార్లర్ నిండా జనం. కొంగు ముడి విప్పి నా బల్ల మీద పెట్టింది. ఎనిమిది గోళ్లు.

నెలలో అది ఆరో ఫిర్యాదు. అక్క అవతల ఎవరికో కనుబొమ్మలు తీస్తోంది, దారం చప్పుడు ఆగింది. ఒక గోరు తీసుకుని వెలుతురుకు పట్టాను. లోపలి వైపు ఎర్రటి పొర ఒకటి అంటుకుని ఉంది. శనగ్గింజ పొట్టు.

"కాయలు ఒలిచినారు గదా?"

"లేదు పాపా."

"మరి ఇదేంది?" అని ఆ గోరును అందరికీ కనబడేలా పైకెత్తాను. "ఒలిచి, ఊడిపోయినాయంటే నేనేం చేసేదక్కా? అబద్ధమెందుకు?"

అందరూ నవ్వారు. నాకు నోరు ఎక్కువని ఇంట్లో ఎప్పుడూ అంటారు, ఆ రోజు ఆ నోరు నాకు ఎంతో ముద్దొచ్చింది. ఆమె ఇంకోసారి "లేదు పాపా" అంది, ఈసారి నెమ్మదిగా. ఎనిమిది గోళ్లనూ ఏరుకుని మళ్లీ కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. ముఖానికి బొప్పాయి గుజ్జు పట్టించుకుని పడుకున్న ఒకామె మంచం మీద నుంచే, "ఆమె మా ఊరే, మా ఈదే!" అని సంబరంగా చెప్పింది.

"బాగ చెప్పినావు," అంది అక్క. బల్ల బతికింది. ఆ రోజు రెండు ప్లేట్లు ఉగ్గాని బజ్జీ తిన్నాను.

ఇప్పుడు నీళ్ల గురించి చెప్పాలి. గోళ్లు పెట్టే ముందు నేను ప్రతి ఒక్కరి చేతులూ ఒక టబ్బులో గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టేదాన్ని. కాస్త రాళ్ల ఉప్పు, ఒక నిమ్మ చెక్క. బెంగళూరులో ఇది లేదు, నేనే పెట్టిన ముచ్చట. అక్కడ కోర్సు నేర్పిన టీచరు అంతా పొడిగానే చేయించేది. దండిగా నీళ్లున్న ఊరివాళ్లకు ఇంత పిసినారితనం ఏమిటా అనుకునేదాన్ని. మా వైపు ఎండన పడి వచ్చిన మనిషికి ముందు నీళ్లు ఇవ్వకపోతే అది మర్యాదే కాదు. ఇంట్లో బిందె అడుగంటినా సరే, ఇస్తాం. ట్యాంకరు కోసం కుండలు వరసలో పెట్టి పోట్లాడుకునే ఆడవాళ్లు నా కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ నీళ్లలో ముంచి, కళ్లు మూసుకునేవాళ్లు. గోళ్లకంటే ఆ పది నిమిషాలకే కొందరు వచ్చేవారు. నేను అందుకు గర్వపడేదాన్ని.

ఆ ఆదివారం తర్వాత రెండు రోజులు మా మేడకు ట్యాంకరు రాలేదు. ఆ రెండు రోజుల్లో ఇద్దరు వచ్చారు. నీళ్లు లేవక్కా, ఏమనుకోవద్దు అని సిగ్గుపడుతూ పొడి చేతులకే వేసి పంపాను.

పదిహేను రోజులకు ఆ ఇద్దరిలో ఒకామె మెట్ల మీద నుంచే చేతులు ఊపుకుంటూ వచ్చింది. పది గోళ్లూ ఉన్నాయి.

"రెండు మూటలు ఒలిచినా పాపా! రెండు మూటలు! ఒక్కటన్నా కదిలిందేమో సూడు!"

చూశాను. ఒక్కటీ కదల్లేదు. రెండో ఆమెకు ఫోను చేశాను, ఆమెవీ అలాగే ఉన్నాయి. అప్పుడు బెంగళూరు టీచరుకు ఫోను చేశాను. నీళ్లలో నానబెడుతున్నానని చెప్పగానే ఆమె కన్నడంలో నన్ను చాలాసేపు ఆశీర్వదించింది. గోరు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుందట. ఆరాక ముడుచుకుంటుందట. అది ముడుచుకుంటే పైన అతికించింది నిలబడదట. ఇది మొదటి రోజే చెప్పానంది. చెప్పే ఉంటుంది. మొదటి రోజు నేను మధ్యాహ్నం భోజనానికి ఏం పెడతారా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

అంటే ఆరు ఫిర్యాదులకూ కారణం నేనే. కాయలు కాదు.

నేను ఏం చేశానో చెబుతాను, మీరు నన్ను మెచ్చుకునే అవకాశం లేదు. ఏమీ చేయలేదు. నీళ్ల టబ్బును మెల్లగా మూలకు నెట్టి, ట్యాంకరు రావడం లేదని అందరికీ చెప్పాను. గోళ్లు ఊడటం ఆగింది. అక్క టేపు మళ్లీ బయటికి తీయలేదు. జ్యేష్ఠం పెళ్లిళ్లు అయిపోతే చాలు, ఈ సంగతి నాతోనే పోతుంది అనుకున్నాను.

ఆ వారంలోనే బొప్పాయి గుజ్జు ఆమె కనుబొమ్మలకు వచ్చింది. దారం కింద కళ్లు మూసుకునే కబుర్లు మొదలుపెట్టింది. ఊళ్లో ఆ పెళ్లికొడుకు తల్లిని అందరూ గోళ్లామె అంటున్నారట. ఈ వయసులో ఆ సోకు ఒకటి, పైగా పట్నంలో పది మందిలో అబద్ధమాడి దొరికిపోయింది అని చెప్పుకుంటున్నారట.

"కోడలోళ్ల ఇంటిదాకా పోయిండాది మాట," అంది నవ్వుతూ. "పెండ్లిలో ఆమె ముందర ఎవరు కాయలన్నా నవ్వు ఆపుకోలేరు!"

అక్క కూడా నవ్వింది. నాకు ఆ రోజు అన్నం దిగలేదు. సిగ్గేసింది. అంతకు ముందు సిగ్గుపడ్డ రోజులున్నాయి గానీ, అవన్నీ నన్ను ఎవరో ఏదో అంటే. ఈసారి నన్ను ఎవరూ ఏమీ అనలేదు.

మంగళవారం మాకు సెలవు. పెట్టె పట్టుకుని బస్సెక్కి ఆ పల్లెకు పోయాను. ఇల్లు అడగడానికి గోళ్లామె అనాల్సి రాలేదు, పెళ్లి పందిరికి గుంజలు నాటుతున్నారు. ఆమె వాకిట్లో చేట పట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు, కూర్చోమనీ అనలేదు. నేనే చెప్పేశాను. తప్పు నీళ్లది, అంటే నాది, మీది కాదు అని. ఆమె చేట ఆపలేదు. లోపల్నుంచి కూతురు వచ్చింది, నా మీద పడింది.

"నాలుగు దినాలు మాయమ్మకి నేనే కలిపి నోట్లో పెట్టినా, తెల్సా నీకు? గిన్నె కడగలేదు, చెంబు పట్టలేదు. కాయల మూట పక్కన కూసోను గూడా కూసోలేదు. మా నాయన నవ్వతాండె. చట్నీకి నేను గింజలు ఏంచి ఊదినా, ఆ పొట్టు యాడ ఎగిరి పడిందో ఏమో. దానికి అంత మందిలో అట్లంటావా?"

పెట్టె తెచ్చానక్కా, ఇప్పుడే ఇక్కడే వేస్తాను, పొడిగా, పెళ్లికి పదిలంగా ఉంటాయి అన్నాను. ఆమె అప్పుడు తలెత్తింది.

"ఈడ నాకు చెప్తే ఏమొస్తాది? నేను ఒలవలేదని నాకు తెల్సు. ఆడ అన్నావు. శుక్రవారం వస్తా, ఆడే చెప్పు."

బస్సులో తిరిగి వచ్చేంతసేపూ లెక్క వేసుకున్నాను. అక్కడ చెప్పడమంటే అక్క ముందు చెప్పడం. ఊడిన ప్రతి గోరూ నా చేతి పనే అని అందరి ముందూ ఒప్పుకోవడం. బల్ల పోతుంది. దారం వస్తుంది. ఎవరి కనుబొమ్మలు మొదట బలి అవుతాయో కూడా ఊహించుకున్నాను.

శుక్రవారం ఆమె వచ్చింది. ఒక్కతే రాలేదు. ఆ రోజు బొప్పాయి గుజ్జు పట్టించుకున్న ఈదామెను వెంటబెట్టుకుని వచ్చింది. ఊరికి మాట మోసినామె కదా, ఈ మాట కూడా మోయాలని కాబోలు. బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. లోపల ఇంకో నలుగురున్నారు, అందులో ఆ ఆదివారం నవ్విన వాళ్లు ఇద్దరు. నేను లేచి నిలబడ్డాను.

"ఆ పొద్దు ఈయక్క అబద్ధం చెప్పలేదు. కాయలు ఒలవలేదు. నేను చేతులు నీళ్లల్లో నానబెట్టినందుకు ఊడినాయి. ఈయక్కవే కాదు, అందరివీ. తప్పు నాది."

ఎవరూ నవ్వలేదు. ఒకామె తన చెయ్యి చూసుకుని, "అయితే నావీ?" అంది. మీవీ అన్నాను. అక్క దారం మెడకు వేలాడదీసుకుని వచ్చి నా ముందు నిలబడింది. బల్ల వైపు చూసింది, కిటికీ వైపు చూసింది.

"ఆ టబ్బు తీసి మిద్దె మీద పెట్టు," అంది చివరికి. "ఊడినోళ్లందరికీ ఫోన్లు చెయ్యి. మళ్లా ఏసి పంపు. మళ్లొకటి ఊడిందో, అప్పుడు చెప్తా."

పెళ్లికొడుకు తల్లి కోసం పొద్దున్నే అన్నీ సిద్ధం చేసి పెట్టుకున్నాను, ఆ గులాబీ రంగు కూడా. రా అక్కా, కూర్చో అని కుర్చీ లాగాను. ఆమె రాలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. గోళ్లు మొదటికంటే పొట్టిగా, చర్మం దాకా కత్తిరించి ఉన్నాయి.

"నాకొద్దు లే పాపా. చెప్పినావు గదా, సాలు."

పెళ్లి ఎల్లుండే కదక్కా అన్నాను. వద్దంది. ఫోటోల్లో పడతాయి కదా అన్నాను. పడనీలే అంది. కోపంగా చెప్పి ఉంటే బతిమాలేదాన్ని. మామూలుగా చెప్పింది.

పక్కనున్న బొప్పాయి గుజ్జు ఆమె కాసేపు అటూ ఇటూ చూసింది. "అయితే నాకెయ్యి," అని వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. నాకు ఒళ్లు మండింది గానీ బల్ల దక్కించుకున్న దాన్ని, కాదనలేను. గంటన్నర పట్టింది. అంతసేపూ ఆమె బెంచీ మీద నుంచి కదల్లేదు. నేను గోళ్లు అరగదీయడం, తుడవడం, పూయడం, ల్యాంపులో పెట్టించి పది లెక్కపెట్టించడం, అన్నీ చూస్తూ కూర్చుంది. అయిపోయాక దగ్గరికొచ్చి ఆ పది వేళ్లనూ ఒక్కొక్కటిగా చూసింది. "బాగుండాయి," అంది.

ఆ ఈదామె సంబరంగా లేచి, కింద పెట్టిన తన బరువైన సంచీ అందుకోబోయింది. పెళ్లికొడుకు తల్లి చప్పున వంగి సంచీని తన చేతిలోకి లాక్కుంది.

"నువ్వు పట్టుకోవాకు. ఊడిపోతాయి," అని, రెండు సంచులూ తనే మోసుకుంటూ బస్టాండు వైపు వెళ్లిపోయింది.